హద్దు జరపడం వేరు, నేల విడిచి సాము వేరు

వక్తృత్వ పోటీల్లోనూ వీడ్కోలు సభల్లోనూ తరచు చెవిన పడే ఇంగ్లీషు మాట ఒకటుంది: ‘పుషింగ్ ది ఎన్వలప్’. మాటకు మాట పెట్టి తెలుగు చేస్తే ‘కవరును తొయ్యడం’ అవుతుంది. పోస్టాఫీసు కవరును తొయ్యడమేమిటని నవ్వుకునేవారూ లేకపోలేదు. అర్థం తెలిసినవారు మాత్రం ‘హద్దులు దాటడం’ అని చెప్పి, ఎవరేమన్నా లెక్కచెయ్యకుండా దూసుకుపొమ్మని యువతరానికి ఉద్బోధిస్తారు. ఈ ఉద్బోధతోనే నా పేచీ. ఆ మాట పుట్టిన చోటికి వెళ్ళి చూస్తే అది చెప్పే నీతి వేరు.

ముందు కవరు సంగతి చూద్దాం. గణిత విద్యార్థులకు తెలుసు, ఒక వక్రాల కుటుంబంలోని ప్రతి వక్రాన్నీ స్పర్శిస్తూ పోయే గీతను ఎన్వలప్ అంటారు. విమానాలకూ అలాంటి గీత ఒకటుంది. గ్రాఫు కాగితం మీద అడ్డంగా వేగాన్నీ, నిలువుగా ఎత్తునూ గుర్తిస్తారు. వేగం మరీ తగ్గితే రెక్కలు విమానాన్ని మొయ్యలేవు. మరీ పెరిగితే గాలి తాకిడికి విమానం విరిగిపోవచ్చు. మరీ పైకి పోతే గాలి పలచబడి ఇంజను చాలదు. ఈ హద్దులన్నిటినీ కలుపుతూ గీసిన గీతే ఎన్వలప్. దాని లోపల ఉన్నంతవరకే విమానానికి క్షేమం. కొత్త విమానానికి ఆ గీత నిజంగా ఎక్కడుందో ఎగిరి తేల్చేవాడు టెస్ట్ పైలట్. ఆ పైలట్ల వాడుకలోని మాటను నలుగురి నోళ్ళలోకి తెచ్చింది టామ్ వుల్ఫ్ 1979లో ప్రచురించిన ‘ది రైట్ స్టఫ్’ అనే పుస్తకం.

ఆ పుస్తకంలోని మొనగాళ్ళలో చక్ యేగర్ ఒకడు. 1947 అక్టోబరు 14న కాలిఫోర్నియా ఎడారి మీద బెల్ ఎక్స్-1 రాకెట్ విమానంలో ధ్వని వేగాన్ని దాటాడు. రెండ్రోజుల ముందు గుర్రం మీంచి పడి పక్కటెముకలు విరిగినా, పైవాళ్ళకు చెప్పకుండా విమానమెక్కిన సంగతి అందరూ చెప్పుకుంటారు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పుకోరు. ఆగస్టు 29న ఆయన మొదటిసారి ఆ విమానంలో రాకెట్ వెలిగించినప్పుడు చేరిన వేగం ధ్వని వేగంలో 85 శాతం మాత్రమే. ఆ తరవాత కొంచెం కొంచెంగా పెంచుతూ పోయారు. 94 శాతం దగ్గర, విమానం ముక్కును ఎత్తి దించే తోక పలక పనిచెయ్యడం మానేసింది. ‘ఏమైతే అదవుతుంది, పద’ అనుకోలేదు, ఆగారు. జాక్ రిడ్లీ అనే ఇంజనీరు లెక్కలు చూసి, ఆ చిన్న పలకను వదిలేసి తోక అడ్డరెక్క మొత్తాన్నే కదిలించమన్నాడు. అది పనిచేస్తుందని పరీక్షించుకున్నాకే ముందుకు వెళ్ళారు. రాకెట్ వెలిగించిన తొమ్మిదో ప్రయాణంలో వేగం ధ్వని వేగానికి 1.06 రెట్లయింది. గీతా జరిగింది, మనిషీ తిరిగొచ్చాడు.

ఇప్పుడు మరో తేదీ చూడండి: 1986 జనవరి 28. చాలెంజర్ వ్యోమనౌకను మోసే రాకెట్ల అతుకుల్లో, వేడి వాయువు బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయాలుంటాయి. అంతకుముందు జరిగిన ప్రయోగాలన్నిటిలోకీ చల్లనిది సుమారు 12 డిగ్రీల సెల్సియస్ దగ్గర జరిగింది. అప్పుడే వలయాలు దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. అంతకంటే చలిలో ప్రయోగించవద్దని ముందురోజు రాత్రి ఇంజనీర్లు మొత్తుకున్నారు. పైవాళ్ళు వినలేదు. మర్నాడు ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు. ఎగిరిన 73 సెకన్లకు నౌక ముక్కలైంది. ఏడుగురు వ్యోమగాములూ మరణించారు. తరవాత విచారణలో ఫైన్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆ రబ్బరు ముక్కను మంచునీళ్ళ గ్లాసులో ముంచి, చలికి దాని సాగుడు గుణం ఎలా పోతుందో అందరి ముందూ చూపించాడు. ప్రయోగానికి ముందే చెయ్యదగ్గ పరీక్ష అది.

రెండు చోట్లా హద్దు దాటారు. మొదటివారు వేసిన ప్రతి అడుగూ అంతకుముందు వేసిన అడుగు మీద ఆనుకుని ఉంది. రెండోవారి కాలి కింద ఏమీ లేదు. దీన్నే మన పెద్దవాళ్ళు ‘నేల విడిచి సాము’ అన్నారు.

మన తరగతి గదుల్లో ఈ రెండింటికీ దూరంగా ఉండే జబ్బు మరొకటుంది. సిలబస్ దాటి ఒక ప్రశ్న అడిగితే ‘అది పరీక్షలో రాదులే, కూర్చో’ అంటారు కొందరు మాస్టర్లు. గీత దగ్గరికే పోనివ్వకపోతే అది ఎక్కడుందో కుర్రాడికి ఎలా తెలుస్తుంది? ఇటు కొందరు మిత్రులకు హద్దంటేనే చులకన. మోటారు సైకిలైనా, లాబులో ఆమ్లమైనా, సమ్మె పిలుపైనా ఒకటే దూకుడు. హద్దుకు భయపడేవాడూ, హద్దును లెక్కచెయ్యనివాడూ ఒక్క విషయంలో సమానమే: ఇద్దరిలో ఎవరూ దాన్ని కొలిచి చూడరు.

కనుక మిత్రులారా, హద్దులు జరపండి, తప్పకుండా జరపండి. కాని ఆ గీత ఎక్కడుందో, ఎవరు ఎందుకు గీశారో, ఇంతవరకు ఎవరు ఎంత దూరం వెళ్ళొచ్చారో ముందు తెలుసుకోండి. మీ గుంపులో ఒకడు లేచి ‘ఆగండ్రా, లెక్క సరిపోలేదు’ అంటే పిరికివాడని వెక్కిరించకండి. వాడి కాగితం ఒకసారి తీసి చూడండి.