నీళ్లు మోసిన ఇల్లాలు



రాజమండ్రి మీదుగా వెళ్లేటప్పుడు మనము పిల్లలకు గోదావరి వంతెనలు చూపించి సంతోషిస్తాము. ఈసారి ఆ పట్టణములో దిగినప్పుడు ఇంకొక చోటు కూడా చూచి రండని మా మనవి. అది కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు. పురావస్తు శాఖవారు దానిని పడిపోనీయక కాపాడి, ఆయన జ్ఞాపకార్థము ప్రదర్శనశాలగా ఉంచారు.

రాజభవనము చూడబోయినట్లు వెళ్తే అక్కడ మనకేమీ కనబడదు. ఆ ఇంట జరిగిన పని తెలిసికొని చూడాలి.

1881 డిసెంబరు 11న అక్కడ ఒక పెండ్లి జరిగింది. పెండ్లికుమార్తె చిన్నతనములోనే భర్తను పోగొట్టుకొన్న పిల్ల. కొన్ని కులములలో మారుమనువు ఉన్నప్పటికీ, అగ్రకులములలో బాలవితంతువు తల గొరిగించుకొని, ఒంటిపూట తిని, ఒక మూలన బ్రతుకు వెళ్లదీయవలసినదే. విధవరాలికి మరల పెండ్లి చేయవచ్చునని 1856లోనే చట్టము వచ్చింది. అయినా 25 ఏండ్లు గడచినా ఇక్కడ ముందుకు వచ్చేవారు లేకపోయారు.

పంతులుగారు ఆ పెండ్లి తలపెట్టగానే బంధువులు దూరమైనారు. వచ్చినవారిని వెలివేస్తామన్నారు. వంటవారు రామన్నారు, నీళ్లు తెచ్చేవారు మానుకొన్నారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరికి వెళ్లి నీళ్లు మోసికొని వచ్చి, వంట చేసి, వచ్చినవారికి వడ్డించారు. తరువాత కూడా దిక్కులేని వితంతువులను ఆమె తన బిడ్డలవలె చూచుకొన్నారు. ఆ దంపతులకు పిల్లలు లేరు. ఆమె 1910లో, పంతులుగారు 1919లో చనిపోయారు. ఆయన తన ఆస్తిని హితకారిణీ సమాజమునకు ఇచ్చివేశారు.

ఇప్పుడు మన ఇండ్ల సంగతి చూచుకొందాము. మన సంఘములలో విధవరాలిని అడ్డగించే నియమమేదీ లేదు. ఆదివారము ఆరాధనలో ఆమె ప్రక్కనే కూర్చుంటాము. కాని పెండ్లికొడుకుకు నలుగు పెట్టేటప్పుడు ముత్తయిదువలను పిలిచి, కన్నతల్లిని వెనుక గదిలో ఉంచే ఇండ్లు మన గ్రామములలో లేవా? ప్రయాణమప్పుడు ఆమె ఎదురు వచ్చిందని ఒక్క నిమిషము ఆగి వెళ్లేవారు లేరా? మేమును అట్టి పెండ్లిలో భోజనము చేసి, నోరు మెదపక తిరిగి వచ్చినవారమే. ఆ తల్లి వాకిలి చాటునుండి చూచిన చూపు ఇంకను మరువలేకున్నాము.

ఆ రోజులలో రాజ్యలక్ష్మమ్మగారికి ఊరంతా ఎదురైనది. మనకు ఎదురయ్యేది మహా అయితే ఒక అత్తగారి గొణుగుడు, ఒక మేనత్త అలక. అందుకే వెనుకాడుదుమా?

రాబోయే వేసవిలో మీ ఇంట పెండ్లి ఉన్నదా? మొదటి పిలుపు ఆ తల్లికే ఇవ్వండి. మొదటి అక్షింతలు ఆమె చేతనే వేయించండి. మీ పిల్లలు చూచి నేర్చుకొంటారు.

ప్రభువు మీ గృహములను దీవించును గాక.