దరఖాస్తు అక్కర్లేని బడి

ఊళ్లో ప్రభుత్వ బడి ఎందుకు మూతపడిందని అడిగితే, మండల విద్యాధికారి మొదలు మంత్రి దాకా అందరి దగ్గరా ఒకటే జవాబు దొరుకుతుంది. తల్లిదండ్రులే ప్రైవేటును ఎంచుకుంటున్నారు, మేమేం చేయగలం అంటారు. పత్రికల్లో రాసేవారు, టీవీ చర్చల్లో కూర్చునేవారు ఈ మాటను ఇంకాస్త ముందుకు తీసుకెళ్తారు. డబ్బు బడికి కాదు, బిడ్డ వెంట వెళ్లాలి. నచ్చిన చోట చేర్చుకునే స్వేచ్ఛ పేదవాడికీ ఇవ్వాలి. అప్పుడు పోటీ పెరిగి మంచి బడి నిలుస్తుంది, చెడ్డ బడి మారుతుంది లేదా పోతుంది అని. 1955లో అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ రాసిన వ్యాసం నుంచి బలం పుంజుకున్న ఆలోచన ఇది. చిలీలో 1981లో, స్వీడన్‌లో 1992లో ఇదే ప్రభుత్వ విధానమైంది. మన దగ్గర ఎవరూ దీన్ని విధానమని ప్రకటించలేదు. అయినా ఏటా జూన్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లో పిల్లల చేరికలు జరిగే తీరు చూస్తే, మనం ఇందులో పీకల దాకా దిగిపోయామని తెలుస్తుంది.

ఈ ఆలోచన తప్పు. ఎంపిక బడులను బాగుచేయదు, పిల్లలను వేరుచేస్తుంది. కదలగలిగినవాళ్లు కదిలిపోయాక, మిగిలిన పిల్లల బాధ్యత నుంచి ప్రభుత్వం తప్పుకోవడానికి అది సాకు అవుతుంది.

దీన్ని తేల్చుకోవడానికి చిలీ దాకా పోనక్కర్లేదు. పరీక్ష మన పల్లెల్లోనే జరిగింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో, 180 ఊళ్లలో ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టారు. సగం ఊళ్లలో లాటరీ తీసి, గెలిచిన పిల్లలకు ప్రైవేటు బడిలో చేరడానికి వోచర్లు ఇచ్చారు. మిగతా సగం ఊళ్లను పోల్చి చూడటానికి అలాగే వదిలేశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆ పిల్లలను నాలుగేళ్లపాటు గమనించి, 2015లో ఫలితాలు ప్రచురించారు. వోచరు వచ్చిన పిల్లలకూ రాని పిల్లలకూ తెలుగులో తేడా లేదు. లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం వోచరు పిల్లలు ముందున్నారు. ఎంపికవాదులు ఎప్పుడూ చెప్పే పోటీ సంగతి కూడా అందులోనే తేలింది. వోచర్లు ఇచ్చిన ఊళ్లలో, ప్రభుత్వ బడిలోనే ఉండిపోయిన పిల్లల చదువు మెరుగుపడలేదు. పక్క బడికి పిల్లలు పోతున్నారని ఈ బడి మారలేదు.

మిగిలిన పిల్లల చదువు చెడిపోనూ లేదు కదా అని ఎంపికవాదులు అడగవచ్చు. నిజమే, ఆ ప్రయోగంలో చెడలేదు. ఒక్కో ఊళ్లో కదిలింది కొద్దిమంది పిల్లలే. ప్రయోగం బయట, ఏళ్ల తరబడి పిల్లలు కదులుతూనే ఉంటే ఏమవుతుందో కాసేపట్లో చెప్తాను.

వాళ్ల చేతిలో ఇంకో బలమైన అంకె ఉంది. ఆ ప్రైవేటు బడులు ప్రభుత్వ బడికయ్యే ఖర్చులో మూడో వంతు కూడా పెట్టకుండానే అదే ఫలితం తెచ్చాయి. పైగా తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం కేటాయించి తెచ్చాయి. దీన్ని తోసిపుచ్చకూడదు. తోసిపుచ్చకుండా చూస్తే, దానిలోంచే అసలు సంగతి బయటపడుతుంది. ఖర్చు ఎక్కడ తగ్గింది? టీచరు జీతంలో తగ్గింది. పల్లెటూరి ప్రైవేటు బడిలో పాఠం చెప్పేది ఇంటర్మీడియట్టో డిగ్రీయో చదివి, పెళ్లి అయ్యేదాకానో ఉద్యోగం దొరికేదాకానో పనిచేసే అమ్మాయి. చాలా చోట్ల ఆమెకు వేసవిలో జీతం ఉండదు. ఆమె కష్టాన్ని చవగ్గా కొని నడిపే బడిని రాష్ట్రానికంతటికీ ఆదర్శమని చూపించడం న్యాయం కాదు. ఇక ఫలితం ఎక్కడి నుంచి వచ్చింది? అదే అధ్యయనం చెప్తోంది. ఆ బడుల్లో టీచరు గైర్హాజరు తక్కువ. ఒకే టీచరు రెండు మూడు తరగతులను కలిపి కూర్చోబెట్టి చెప్పడం తక్కువ. తరగతి గదిలో ఆ తరగతికంటూ ఒక మనిషి ఉంటుంది. తల్లిదండ్రులు వెతుక్కుంటూ పోయేది ఆ మనిషి కోసమే. టై, బెల్టు, పసుపు వ్యాను చూసి మోసపోతున్నారని వాళ్లను తక్కువ చేసి మాట్లాడేవారంటే నాకు కోపం. వాళ్లు చూస్తున్నది సరైనదే. దాన్ని ప్రభుత్వం ఊళ్లోనే ఇవ్వగలదు, ఇవ్వడం లేదు.

ఎందుకు ఇవ్వడం లేదో చూద్దాం. మన దగ్గర టీచరు పోస్టు తరగతిని బట్టి రాదు, తలలను బట్టి వస్తుంది. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఆ లెక్క ఉంది. ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు, ఆ పైన అయితే ఐదుగురు. అంటే ఐదు తరగతులకు ఐదుగురు టీచర్లు ఉండాలంటే ఊళ్లో 120 మందికి మించి పిల్లలు చేరాలి. తెలుగు పల్లెల్లో అలాంటి ప్రభుత్వ ప్రాథమిక బడులు ఇవాళ ఎన్ని? ఆ ఇద్దరు కూడా అన్నిచోట్లా లేరు. ఒక్క టీచరుతో నడిచే బడులు రెండు రాష్ట్రాల్లోనూ వేలల్లో ఉన్నాయి.

ఆ ఒక్క టీచరు రోజు ఎలా గడుస్తుందో ఆలోచించండి. ఒకటో తరగతి పిల్లవాడికి అక్షరాలు దిద్దించాలి. అదే గదిలో ఐదో తరగతి పిల్లకు భిన్నాలు చెప్పాలి. మధ్యలో హాజరు యాప్‌లో ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం లెక్క రాయాలి, గుడ్లు ఎన్ని వచ్చాయో నమోదు చేయాలి. మండల కేంద్రంలో మీటింగు ఉంటే ఆ రోజుకు బడి లేనట్టే. ఆయనకు జ్వరం వస్తే పక్క ఊరి నుంచి ఎవరినైనా సర్దుబాటు చేయాలి, లేదంటే తాళమే. ఈ బడిని చూసిన తండ్రి తన కూతురిని వ్యాను ఎక్కిస్తాడు. మరుసటి ఏడాది తలల లెక్కలో ఒకటి తగ్గుతుంది. ఇంకో ఇద్దరు తగ్గగానే రేషనలైజేషన్ పేరుతో పోస్టు వేరే చోటికి పోతుంది. పోస్టు పోయిందని తెలిసి ఇంకో నాలుగిళ్ల వాళ్లు టీసీలు తీసుకుంటారు. చివరికి మిగిలేది ఫీజు కట్టలేని ఇంటి పిల్లలు, ఒక్కోసారి అన్నను ప్రైవేటుకు పంపి బడిలోనే వదిలేసిన చెల్లెలు. అప్పుడు అధికారి వచ్చి, పిల్లలు లేరు కాబట్టి బడిని కలిపేస్తున్నామని రాసుకుపోతాడు. తల్లిదండ్రులు బడిని వదిలేయడానికి ముందే ప్రభుత్వం వదిలేసింది. ఈ వరస తలకిందులుగా చెప్పబట్టే ఎంపికవాదం ఇన్నాళ్లు నిలబడగలిగింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117 చేసిందీ ఇలాంటి పనే. మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపున్న హైస్కూలుకు తరలించారు. ఊళ్లో బడికి ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. సబ్జెక్టు టీచర్లతో పాఠం చెప్పిస్తామన్నది చెప్పిన కారణం. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఇద్దరినీ రెండు దిక్కులకు పంపాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లను రోడ్డు దాటించి ఒంటరిగా పంపలేని తల్లి, ఇద్దరినీ కలిపి ఒకే వ్యాను ఎక్కిస్తే తప్పు పట్టగలమా? 2025లో కొత్త ప్రభుత్వం ఆ జీవోను పక్కనపెట్టి బడులను మళ్లీ కొత్త రకాలుగా విడదీసింది. మూడేళ్లలో రెండుసార్లు బడి ఆకారం మారితే, అది వచ్చే ఏడాది ఉంటుందని ఏ తల్లి నమ్ముతుంది?

ఇక డబ్బు బిడ్డ వెంట వెళ్లే సంగతి. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడిలో తల్లి ఖాతాకు 15,000 రూపాయలు వేశారు. 2025లో తల్లికి వందనం పేరుతో ఇంట్లో చదివే ప్రతి బిడ్డకూ ఇవ్వడం మొదలుపెట్టారు. పేద ఇంటికి ఆ డబ్బు చేరడం మంచిదే, దానికి నేను వ్యతిరేకిని కాను. కానీ ప్రభుత్వ బడి పిల్లకూ ప్రైవేటు బడి పిల్లకూ ఒకే మొత్తం ఇచ్చినప్పుడు, రెండో ఇంట్లో అది ఫీజుకే పోతుంది. పేరు పెట్టకుండా ఇచ్చిన వోచరు అది. అంత డబ్బును ఏటా ఖర్చుపెట్టే రాష్ట్రం, ఏకోపాధ్యాయ బడికి రెండో టీచరును ఇవ్వడానికి నిధుల్లేవని చెప్పకూడదు.

విద్యాహక్కు చట్టంలోని 12(1)(సి) సెక్షన్ గురించి మాట్లాడకుండా ఈ చర్చ పూర్తికాదు. ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలని అది చెప్తుంది. 2012లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని 2022-23 నుంచి అమలుచేస్తోంది. ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 4, అనాథలు, దివ్యాంగులు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలకు 5, ఇతర బలహీన వర్గాలకు 6. దీన్ని సామాజిక న్యాయంగా భావించే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. ఆ సీటు దొరికిన ఒక్కో బిడ్డ విషయంలో వాళ్లు చెప్పేది నిజం కూడా. కానీ దొరకడానికి ఏం కావాలో చూడండి. గడువు లోపల ఆన్‌లైన్‌లో దరఖాస్తు, ఆధార్, కుల ధ్రువీకరణ, చిరునామా రుజువు, ఓటీపీ వచ్చే ఫోను. ఆ తర్వాత లాటరీ. సీటు వచ్చినా పుస్తకాలు, యూనిఫాం, వ్యాను ఖర్చు ఎవరిదన్న గొడవ. మొదట్లో ఆ ఫీజును పట్టణంలో 8,000, పల్లెలో 6,500, గిరిజన ప్రాంతంలో 5,100 రూపాయలుగా ఖరారు చేసి, అమ్మ ఒడి డబ్బులోంచే తల్లిదండ్రులు కట్టాలన్నారు. ఉచిత సీటుకు తల్లి చేతి నుంచే ఫీజు కట్టించారన్నమాట. ఎనిమిదో తరగతి దాటాక ఆ చట్టం వర్తించదు కాబట్టి, తొమ్మిదిలో ఆ పిల్ల పూర్తి ఫీజు కట్టాలి, లేదా బడి మారాలి.

పాలమూరు నుంచి పనికోసం పిల్లల్ని వెంటబెట్టుకుని పోయే కుటుంబాలకు పోర్టల్ ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో తెలియదు. ఇటుక బట్టీల్లో పనిచేయడానికి ఒడిశా నుంచి తెలంగాణకు వచ్చే పిల్లలకు ఇక్కడి ధ్రువపత్రాలే ఉండవు. వీళ్లు నవంబరులోనో జనవరిలోనో ఒక ఊళ్లో దిగుతారు. అప్పుడు వాళ్లను కాదనకుండా చేర్చుకునేది ఒక్క ప్రభుత్వ బడే. వయసు పత్రం లేదని, చేరిక గడువు దాటిందని బిడ్డను వెనక్కి పంపకూడదని అదే విద్యాహక్కు చట్టం 14, 15 సెక్షన్లలో ఉంది. ఎంపిక విధానం దరఖాస్తు పెట్టగలిగిన తల్లిదండ్రుల పిల్లలను చూస్తుంది. ఊరిబడి బిడ్డను మాత్రమే చూస్తుంది. నా పక్షపాతం దేనివైపో దాచుకోను.

ప్రభుత్వ వ్యవస్థ లోపలే ఉన్న ఎంపికను కూడా ప్రశ్నించాలి. ఇది చెప్పడం కష్టం, ఎందుకంటే గురుకులాలంటే నాకు గౌరవం. పి.వి. నరసింహారావు చొరవతో 1971లో సర్వేలులో మొదలైన గురుకులం నుంచి ఇవాళ తెలంగాణలో వెయ్యికి పైగా ఉన్న గురుకులాల దాకా, అవి ఎన్నో దళిత, గిరిజన, బీసీ కుటుంబాల తలరాత మార్చాయి. కానీ ఐదో తరగతికి ప్రవేశ పరీక్ష పెట్టి, ఆరులో మోడల్ స్కూలుకు, నవోదయకు పరీక్షలు పెట్టి, మండలంలో చురుకైన పిల్లలందరినీ ఏరుకున్నాక, జెడ్పీ హైస్కూలు ఫలితాలు బాగోలేవని టీచర్లను తిట్టడం అన్యాయం. ఏరుకోవడం వల్ల వచ్చిన మార్కులకూ, చదువు చెప్పడం వల్ల వచ్చిన మార్కులకూ తేడా చూడకుండా బడులను పోల్చకూడదు.

ప్రభుత్వ టీచర్లే తమ పిల్లల్ని ప్రభుత్వ బడికి పంపరు కదా అని చివరికి ఎవరో ఒకరు అడుగుతారు. పంపాలి. టీచర్లే కాదు, కలెక్టర్లూ, ఎమ్మెల్యేలూ పంపాలి. 2015లో అలహాబాద్ హైకోర్టు ప్రభుత్వ జీతం తీసుకునేవారంతా తమ పిల్లల్ని ప్రభుత్వ ప్రాథమిక బడికే పంపేలా చూడమని ఉత్తరప్రదేశ్‌ను ఆదేశించింది. అది అమలు కాలేదు. 1966లో కొఠారీ కమిషన్ చెప్పిన ఉమ్మడి పాఠశాల కూడా అమలు కాలేదు. నోరున్నవాడి బిడ్డ ఏ బడిలో ఉంటే ఆ బడి పైకప్పు కారినప్పుడు మనిషి వస్తాడు. వాళ్లందరూ వెళ్లిపోవడానికి దారి తెరిచి, మిగిలినవాళ్లకు ఎంపిక ఉందని చెప్పడంలో నిజాయితీ లేదు.

ఐదారుగురు పిల్లలున్న బడికి ఐదుగురు టీచర్లా అని అడుగుతారు. తండాలో, ఏజెన్సీ గూడెంలో అంత చిన్న బడి ఉన్నచోట ఇద్దరు చాలు, ఆ ఇద్దరైనా తప్పనిసరిగా ఉండాలి. మిగతా ఊళ్లలో మాత్రం తరగతికి ఒకరు కావాలి. తలలను లెక్కపెట్టే షెడ్యూలును పక్కనపెట్టి తరగతులను లెక్కపెట్టమని రెండు ప్రభుత్వాలూ జీవో ఇవ్వవచ్చు, చట్టం చెప్పినదానికన్నా ఎక్కువ ఇవ్వడానికి చట్టం అడ్డురాదు. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు ప్రకటించింది, ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347. ఇకముందు జరిగే ప్రతి నియామకం, ప్రతి బదిలీ ఏకోపాధ్యాయ బడి నుంచే మొదలుకావాలి. వచ్చే జూన్‌లో బడి తెరిచే రోజుకు ముందే, ఏ తరగతికి ఏ టీచరో పేరు రాసి బడి గోడకు అంటించాలి. ఎంతమంది పిల్లలు వచ్చారో ఆ తర్వాత లెక్కపెట్టండి, ఒక్క ఏడాది కాదు, వరసగా ఐదేళ్లు.