ఆవిరి యింజనును కాపాడు విద్య

మన నానక్‌రామ్‌గూడ చుట్టును నేడు గాజుగోడల మేడలు లేచినవి. వానిలో పనిచేయువారు సముద్రముల కావలి సంస్థల లెక్కలను సైతము సరిదిద్దుచున్నారు. కాని వారి యిండ్లలో పెరుగు బాలుడు చక్రమూడిన ఆటబండిని బాగుచేయ నెరుగడు. విరిగినదానిని పారవైచి క్రొత్తదానిని తెప్పించుకొనుటయే వానికి తెలిసిన మార్గము. ఈ కొరతను తీర్చుటకు తగిన సాధన మొకటి కలదు. అది చిన్న ఆవిరి యింజను.

ఇది తాళము త్రిప్పిన పరుగెత్తు బొమ్మ కాదు. నిజముగా నిప్పు వెలిగించి, నీరు కాచి, ఆవిరి బలముచే నడపవలసిన పొగబండి. 32 లేక 45 మిల్లీమీటర్ల వెడల్పుగల పట్టాలపై నడచు యింజను బల్లమీద నిముడును. అంతకంటె పెద్దవి మనుష్యులను గూడ లాగగలవు. ఈ వినోదమునకు 1898లో లండనున పర్సివల్ మార్షల్ స్థాపించిన ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక గొప్ప యాధారమయ్యెను. ఆ పత్రికలో 1924 మొదలు లారెన్స్ అను నతడు ‘ఎల్.బి.ఎస్.సి.’ అను మారుపేరుతో వ్రాసి, సామాన్యుడును ఇంటిలోనే యింజనును నిర్మింపవచ్చునని నేర్పెను.

ఆవిరి కాలము గతించినది గదా, యిప్పు డీ శ్రమ యెందుకని తల్లిదండ్రు లడుగవచ్చును. నిజమే. వాడినుండి సికింద్రాబాదునకు 1874లో పొగబండి వచ్చెను. 1893లో లాలాగూడ కర్మశాల వెలసెను. 1995లో మన దేశపు బ్రాడ్‌గేజి మార్గములనుండి ఆవిరి యింజన్లు సెలవు గైకొనెను. అయినను 1889 మొదలు 1925 వరకు కట్టబడిన ‘బి’ తరగతి యింజన్లలో కొన్ని నేటికిని డార్జిలింగు కొండ నెక్కుచున్నవి. కారణమేమి? అరిగిన భాగమును తీనధారియా కర్మశాలలో మరల చేసికొను పనివాండ్రుండుటయే. కొన్నవాడు గాదు, కాపాడినవాడే యింజనునకు ఆయువు పోసినవాడు. మన పిల్లలు నేర్వవలసిన పాఠ మిదియే.

ఇందు బాయిలరు మాత్రము పిల్లల పని గాదు. ఒక పాలు నీరు ఆవిరియైనచో సుమారు 1,600 పాళ్ల చోటు నాక్రమించును. కావున రాగిరేకులను వెండిమాటుతో అతికి, పనిచేయు ఒత్తిడికి రెండింతల ఒత్తిడితో నీటిపరీక్ష జరిపిన బాయిలరునే పాఠశాల తెప్పింపవలయును. తక్కిన ఉపకరణములను విద్యార్థులు చేయవచ్చును: యింజనును నిలుపు పీట, బొగ్గుపెట్టె, నీరు పోయు గరాటు, వెనుక లాగు బండ్లు, వానిని కలుపు కొక్కెములు. రాణీగంజి అంగళ్లలో ఇత్తడి కడ్డీ దొరకును. ఆకురాయి, ఱంపము, పట్టుకారు చాలును. మన కార్యాలయములు పారవైచిన యంత్రములలోని చిన్న మోటారుతో, నిప్పు రాజుకొను వేళ పొగగొట్టమునుండి గాలిని లాగు విసనకఱ్ఱను అమర్చవచ్చును. పెంబర్తి ఇత్తడి పనివాండ్రు పుట్టిన దేశమున చేతిపని మనకు క్రొత్త గాదు.

నిర్మాణముకంటె పోషణ మిన్న. నీటిని చూడనిదే నిప్పు వెలిగింపరాదు. రక్షణ కవాటము ఆవిరిని విడుచుచున్నదో లేదో ప్రతిసారియు పరీక్షింపవలయును. మన ప్రాంతపు గొట్టపుబావుల నీటిలో సున్నపు పాలు హెచ్చు. అది బాయిలరు లోపల పెచ్చుగట్టును. వడపోసిన వాననీరు మేలు. పరుగు ముగిసి యింజను చల్లారినపిమ్మట, నూనెపాత్రలో చేరిన నీటిని తీసివైచి మరల నూనె నింపి, కడ్డీలను తుడిచి పెట్టవలయును. చేసిన ప్రతి పనిని తేదీతో ఒక పుస్తకమున వ్రాయవలయును. ఒత్తిడిని చూపు ముల్లును బ్రతిమాలి మార్కులు పొందుట సాధ్యము గాదు. అది యున్నది యున్నట్లే చెప్పును. దానితో పనిచేయువాడును నిజమాడ నేర్చును.

వ్యయ మధికమని కొందరందురు. ఇంటి కొక్క యింజను గాదు, పాఠశాల కొక్కటి చాలును. చదువు చెడునని మరికొందరందురు. ఉష్ణము, ఒత్తిడి, ఘర్షణ మనునవి పుస్తకమున మాటలు; ఇచట వేలికి తగులు విషయములు. ఉపాధ్యాయుడు దగ్గర నుండి నడిపించినచో బాలురకును బాలికలకును సమానముగా నిది లాభకరము.

ప్రదర్శన దినమున యింజను పరుగెత్తినపుడు అందరమును చప్పట్లు కొట్టుదుము. మరునాటి యుదయమున, చూచువా రెవ్వరును లేనప్పుడు, మసి తుడిచి నూనె పోయు విద్యార్థి యెవ్వడో విచారించి, ఏటి బహుమతిని వానికే యిప్పింపుడని పెద్దలకు నా మనవి.