సబఖ్ అప్పజెప్పారా?

ఫజర్ నమాజుకి లేవడం ఎలా అనే వీడియోని రాత్రి ఒంటిగంటకి చూసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. చూశాక దిల్‌కి ఎంతో తసల్లీ. ‘మాషా అల్లా, ఎంత బాగా చెప్పాడు’ అని నలుగురికి ఫార్వర్డ్ కూడా చేస్తారు. అజాన్ టైముకి మాత్రం గాఢనిద్ర.

నసీహత్ విన్నందుకు కలిగిన తసల్లీని అమల్ చేసినట్టే లెక్కేసుకోవడం పెద్ద ధోకా. నఫ్స్ చాలా చాలాక్. అది మనల్ని చెడ్డ పనిలోకే లాగాలని ఏం లేదు. మంచి పని గురించి వింటూ కూర్చోబెట్టినా చాలు, దాని పని అయిపోయినట్టే.

ఇమామ్ గజాలీ బగ్దాద్ నిజామియాలో దర్స్ చెప్పి, 1095లో ఆ పెద్ద నౌకరీ వదిలేసి వెళ్ళిన ఆలిమ్. ఏళ్ళ తరబడి చదువుకున్న ఒక షాగిర్ద్ తనకి పనికొచ్చే నసీహత్ రాసివ్వమంటే, జవాబుగా ‘అయ్యుహల్ వలద్’ అనే చిన్న కితాబ్ రాశారు. అందులో ఒక మిసాల్ ఉంది. మనుషుల్లేని చోట ఒక బహాదుర్ మీదికి సింహం వచ్చింది. అతని దగ్గర పది హిందుస్తానీ కత్తులున్నాయి. ఒక్కటీ దూయకపోతే ఆ పదీ ఉండి ఏం ఫాయిదా? ఇవాళ మన ఫోన్లలో అలాంటి కత్తులు వందల్లో సేవ్ అయి ఉన్నాయి.

అయితే చదవొద్దా? నా మతలబ్ అది కాదు. ‘ఇఖ్రా’తో మొదలైన దీన్ మనది. ఎలా చదవాలో మదరసాలో హిఫ్జ్ చేసే పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. వాళ్ళు రోజూ ఉస్తాద్ ముందు మూడు అప్పజెప్పాలి. కొత్త పాఠం సబఖ్. ఈమధ్య నేర్చుకున్నది సబ్ఖీ. వెనకటిది మంజిల్. నిన్నటిది కచ్చాగా ఉంటే ఉస్తాద్ ముందుకు పోనివ్వడు. మళ్ళీ అదే చదువుకుని రమ్మంటాడు. అలా రోజుకింత, రోజుకింత చొప్పున ముప్పై పారాలు ఆ చిన్న గుండెల్లోకి ఎక్కుతాయి.

ఫోన్ అలాంటి ఉస్తాద్ కాదు. నిన్నటిది ఏం చేశావని అడగదు. వేలు కదిపితే కొత్త సబఖ్ ఇచ్చేస్తుంది. కాబట్టి అడగాల్సింది మనమే.

ఫజర్‌నే తీసుకోండి. ఇషా తర్వాత కబుర్లు ప్రవక్త (స)కి ఇష్టం ఉండేవి కావని హదీసుల్లో ఉంది. ఇలాజ్ అక్కడే ఉంది. ఇషా చదివి, ఫోన్ ఇంకో గదిలో పెట్టి పడుకోవడమే. ఇందులో కొత్తేం లేదు, మజా కూడా లేదు. రోజూ చేయాలి, అంతే. కొంచెమైనా సరే, ఆపకుండా చేసే అమలే అల్లాకి ఎక్కువ ఇష్టమని కూడా మనం విన్నదే. ఆ ఒక్కటి ఆదత్ అయ్యేదాకా రెండో నసీహత్ జోలికి పోవద్దు.

మనం ఏం ఫార్వర్డ్ చేశామో మన పిల్లలు చూడరు. లేచామా లేదా అన్నదే చూస్తారు. రేపు హష్ర్ మైదానంలో కూడా ఎన్ని విన్నావని కాదు, తెలిసినదాని మీద ఎంత అమల్ చేశావని అడుగుతారు. అసలు సబఖ్ అప్పజెప్పాల్సింది అక్కడే.