మందు కొట్టే ముందు ఫోటో తీయండి, పురుగును ఉన్నచోటే ఉంచి

పై వీడియో రెండు నిమిషాలే. బొబ్బర తీగ మీద నల్లగా, నారింజ మచ్చలతో, బుల్లి మొసలి పిల్లలాంటి పురుగు ఒకటి పేనుబంకను నమిలేస్తుంటుంది చూడండి. రెండేళ్ల కిందట నేను ఈ పురుగునే చంపాను. ఒకటీ రెండూ కాదు, గట్టు పొడుగునా ఉన్నవన్నీ.

అప్పుడు పత్తి చుట్టూ బొబ్బర్లు వేశాను. వాటికి పేనుబంక పట్టింది, దాంతోపాటే ఈ నల్ల పురుగులు కనబడ్డాయి. ఒకదాన్ని పట్టి అరచేతిలో పెట్టుకుని ఫోటో తీసి, "ఇదేం పురుగు, ఏం కొట్టాలి?" అని వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఫోటో మసక, పురుగు అప్పటికే నలిగిపోయింది. పది నిమిషాల్లో ఆరు జవాబులొచ్చాయి, ఆరూ ఆరు రకాలు. ఎక్కువమంది అగ్నిఅస్త్రం అన్నారు, కొట్టేశాను. మూడు వారాలకు పేనుబంక పత్తిలోకి దిగింది. ఆకుల మీద జిగురు, దానిమీద మసి. తర్వాత తెలిసింది, నేను చంపింది అక్షింతల పురుగు పిల్లల్ని అని. ఎర్రటి పెద్ద పురుగునైతే చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. దాని పిల్లకు తల్లి పోలిక ఒక్కటీ ఉండదు.

గ్రూపులో వాళ్లను నేను తప్పుపట్టను. తప్పు నా ఫోటోది. అరచేతిలో పురుగు ఏం చెబుతుందండీ? ఏ పంట మీద ఉంది, ఆకు పైనా కిందా, పక్కన ఏమున్నాయి, అది ఆకు కొరుకుతోందా, ఇంకో పురుగును కొరుకుతోందా? ఇవి తెలియకుండా పేరు చెప్పడం గుడ్డి బేరం. అందుకే నేను గట్టిగా చెప్పేదేంటంటే, పురుగు ఉన్నచోటే, బతికుండగానే ఫోటో తీయాలి. ఫోటోలు బాగా రావాలని పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి మత్తెక్కించి తీసేవాళ్లూ ఉన్నారు. అలాంటి బొమ్మ గోడకు పెట్టుకోవడానికి బాగుంటుందేమో, చేనుకు మాత్రం పనికిరాదు.

పెద్ద కెమెరా అక్కర్లేదు. ఫోనుకు తగిలించే మాక్రో లెన్సు కొన్ని వందల్లో దొరుకుతుంది. దానితో పురుగుకు రెండు మూడు సెంటీమీటర్ల దాకా వెళ్లాలి. వేళ్లతో జూమ్ చేస్తే మసకే. తెల్లవారుజామున మంచు తడి ఆరకముందు వెళ్తే రెక్కల పురుగులు కూడా లేవలేక కూర్చుని ఉంటాయి. గాలికి కొమ్మ ఊగుతుంటే ఎడమ చేత్తో కాడ పట్టుకోండి, మోచెయ్యి మోకాలికి ఆనించండి, ఊపిరి బిగబట్టి నాలుగైదు ఫోటోలు వరసగా తీయండి. మీ నీడ పురుగు మీద పడిందా, అది పోయినట్టే. తర్వాత కాస్త దూరం జరిగి ఆకంతా, కొమ్మంతా వచ్చేలా ఇంకోటి తీయండి. ఆకు తిప్పి కింద కూడా చూడండి, అసలు కథ అక్కడే ఉంటుంది. ఒక్క నిమిషం వీడియో తీస్తే మరీ మంచిది, ఎవరు ఎవర్ని తింటున్నారో తేలిపోతుంది.

దగ్గరగా తీస్తే కంటికి ఆననివి కనబడతాయి. మొక్కజొన్న కత్తెర పురుగుకు తల మీద తిరగేసిన 'వై' గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు ఉంటాయి. అల్లిక రెక్కల పురుగు సన్నటి దారం కొసన ఒక్కొక్క గుడ్డు పెడుతుంది, వట్టి కంటికి బూజులా అనిపిస్తుంది. పేనుబంకలో కొన్ని ఉబ్బి గోధుమ రంగుకు తిరిగి కదలకుండా ఉంటాయి. వాటిలో బుల్లి కందిరీగ పిల్ల పెరుగుతోందన్నమాట. వీపున గుండ్రటి రంధ్రం ఉంటే అది బయటికి వెళ్లిపోయింది.

మనవాళ్లకు కోపం వచ్చినా ఇంకో మాట చెప్పాలి. "కషాయమే కదా, మిత్ర పురుగులకు ఏమీ కాదు" అంటారు. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంది, పొగాకులో నికోటిన్ ఉంది. దానికి మిత్రుడూ శత్రువూ తేడా తెలియదు. ఆవు మూత్రంలో కాచినంత మాత్రాన దాని విషగుణం పోదు.

ఇంత తీరిక ఎక్కడిదంటారా? కషాయం కాచడానికి, వడకట్టడానికి, పంపు మోయడానికి పూట పడుతుంది. ఫోటోకు పావుగంట.

నిన్న పక్క చేను బాబాయి పంపు భుజానేసుకుని వచ్చి, "ఒరేయ్, ముందు నీ అద్దం ఇలా ఇయ్యి" అన్నాడు. ఇద్దరం బెండ ఆకులు తిప్పి చూశాం. సగానికి సగం గోధుమ రంగు తిరిగిన పేనుబంకే. ఊఁ అన్నాడు. అయినా మనసొప్పక రెండు సాళ్లు కొట్టాడు. మిగతాది ఆదివారం దాకా ఆగి చూద్దామన్నాడు.