పటంలో జానెడు దూరం

అమెరికాలో సాల్ట్‌లేక్ సిటీలో ఉంటున్న మా చెల్లెలి ఇంటికి నాన్నగారూ నేనూ చేరిన మరునాడే, భోజనాల బల్ల మీద పెద్ద పటం ఒకటి పరచుకున్నది. పడమటి రాష్ట్రాల జాతీయోద్యానాలకు కారులో ప్రయాణం. వ్యవధి ఎనిమిది రోజులు. పిల్లలిద్దరూ ఎల్లోస్టోన్, జయన్, గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ పేర్ల చుట్టూ ఎర్రసిరాతో సున్నాలు చుట్టారు. "అన్నీ జానెడు దూరమే పెద్దమ్మా!" అన్నది పెద్దపిల్ల.

పటం ఎప్పుడూ ఆశావాది. గ్రాండ్ కాన్యన్ సంగతే చూడండి. ఉత్తరపుటంచుకూ దక్షిణపుటంచుకూ నడుమ పక్షికి 16 కిలోమీటర్లే. కారుకు మాత్రం సుమారు 345. ఇంచుమించు ఐదు గంటల ప్రయాణం. యోసెమిటీకి తూర్పు నుండి వెళ్ళే టియోగా కనుమదారి చలికాలమంతా మంచుతో మూసి ఉంటుంది. 2023లోనైతే జులై మూడవ వారం దాటే దాకా తెరుచుకోలేదు. జయన్ లోయలోనికి రద్దీ మాసాలలో సొంతకారును పోనివ్వరు. ఉద్యానం వారి బస్సు ఎక్కవలసిందే. లెక్క వేస్తే, ఎనిమిది రోజులలో సగం కారులోనే గడిచేటట్లున్నది.

నాన్నగారికి 76 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం గుండెకు చికిత్స జరిగింది. ఎల్లోస్టోన్‌లో చాలా భాగం ఏడువేల అడుగులకు పైమాటే. దాదాపు మన ఊటీ అంత ఎత్తు. "మీరు వెళ్ళిరండమ్మా, నేను ఇంటి దగ్గర ఉంటాను" అన్నారాయన. ముప్ఫై ఏళ్ళు భూగోళం బోధించి, భూమిలోనుంచి వేడినీరు ఎట్లా ఎగజిమ్ముతుందో నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి చూపిన మనిషి!

వైద్యుణ్ణి అడిగాము. తొందరపడకుండా, ఎత్తుకు అలవాటుపడుతూ వెళ్ళవచ్చునన్నాడు. అనువాదంలో ఒక్క మాట వదలాలన్నా నాకు ప్రాణం పోతుంది. ఆ సాయంత్రం మూడు పేర్లు కొట్టివేస్తుంటే మాత్రం కష్టమనిపించలేదు. 1872లో ఏర్పడి, ప్రపంచంలో తొలి జాతీయోద్యానంగా పేరొందిన ఎల్లోస్టోన్ ఒక్కటే మిగిలింది.

ఇక మిగిలినవి చిన్న పనులు. బస నెలల ముందే కుదుర్చుకోవాలి. సెల్‌ఫోన్ పలకని చోట్లు ఎక్కువ కనుక కాగితం పటం, నీళ్ళు, మందులు దగ్గర ఉంచుకోవాలి. అడవిదున్నకు కనీసం 23 మీటర్లు, ఎలుగుబంటికి 91 మీటర్లు ఎడంగా నిలవాలని పిల్లలకు కంఠస్థం చేయించాము. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ సుమారు గంటన్నరకు ఒకసారి ఎగుస్తుంది. చుట్టూ బల్లలుంటాయి, కూర్చుని ఎదురుచూడవచ్చును.

బిడ్డల వద్దకు విదేశాలకు వెళ్ళే పెద్దలు ఈనాడు మన ఇళ్ళలో ఎందరో. ప్రయాణానికి పథకం వేసేటప్పుడు, ఇంటిలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి అడుగుతో లెక్క మొదలుపెట్టండి.

పెద్దపిల్ల పథకానికి శుద్ధప్రతి వ్రాసింది. నాలుగవ రోజు ఎదుట ఏ స్థలం పేరూ లేదు. తనకు వచ్చిన వంకరటింకర తెలుగులో, "తాతయ్య ఎక్కడ కూర్చుంటే అక్కడ" అని ఉన్నది.