అడగకముందే ఇచ్చేస్తాండాం



ఈ నెల గోడపత్రికలో నేను సెల్‌ఫోన్ గురించి రాస్తున్నాను. "మళ్లీ అదేనా? కండ్లు పోతాయి, చదువు పోతుంది అంటావు, అంతేగా" అని మీరు అనుకోవచ్చు. అది కాదు. కండ్ల సంగతి డాక్టర్లు చెప్తారు. చదువు సంగతి సార్లు రోజూ చెప్తానే ఉన్నారు. మన సంగతులు మనంతట మనమే ఊరంతా చాటుకోవడం గురించి నేను రాస్తున్నాను.

ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు. లంక గుట్టు చెప్పడానికి విభీషణుడు కావాల్సి వచ్చింది. మన గుట్టు చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు, మనమే చాలు.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. మన పెద్దోళ్లు ఏండ్ల తరబడి కూలికి పోయి ఒక జత కమ్మలు కొంటే, కొంగున ముడేసుకుని సప్పుడు లేకుండా బస్సెక్కేవాళ్లు. ఇప్పుడు అంగడి మెట్లు దిగకముందే కమ్మలు, బిల్లు, నవ్వు మొగం మూడూ స్టేటస్‌లో ఉంటాయి. జమ్మలమడుగు పక్కన గండికోటకు పోయి చూడండి. పెన్నా లోయను చూసేవాళ్లకంటే లోయకు వీపు తిప్పి ఫోన్‌ను చూసేవాళ్లే ఎక్కువ. ఇంటిల్లిపాదీ గండికోటలో ఉన్నామని ఫోటో పెడితే ఇంటికి తాళం వేసి ఉందని కూడా చెప్పినట్టే కదా!

పులివెందులలో మా పిన్నమ్మ కూతురు ఉంది. పదో తరగతి పరీక్షల ముందు హాల్‌టికెట్ ఫోటో తీసి "నన్ను దీవించండి" అని స్టేటస్ పెట్టింది. తప్పేముంది, సంతోషం. కానీ ఆ నంబరు ఉంటే ఎవరైనా ఫలితం చూడొచ్చు. ఫలితాలు వచ్చిన రోజు అక్క చేనులో ఉంది. ఆమె చూసుకోకముందే లెక్కల్లో తప్పిందని బంధువుల్లో సగం మందికి తెలిసిపోయింది. ఓదార్చడానికి కొందరు, ఎగతాళికి కొందరు ఫోన్ చేసినారు. సప్లిమెంటరీలో పాసైంది, అది వేరే మాట. తన ఓటమిని తాను ముందు తెలుసుకుని, ఒక్క గంటసేపు ఒంటరిగా ఏడ్చుకునే హక్కు కూడా ఆమెకు లేకుండా పోయింది. నాకు బాధ కలిగించింది అదే.

"మనం గిరిజనులం, పేదోళ్లం. దాచుకోవడానికి మన దగ్గర ఏముంది?" అని కొందరు మిత్రులు అంటారు. వాళ్లను ఒకటి అడుగుతాను. మన ట్రంకు పెట్టెలకు తాళాలు ఎందుకు వేసుకుంటాం? లోపల రెండు జతల బట్టలు, సోపు, అమ్మ పంపిన నిప్పట్లు, ఒక పాత ఉత్తరం. అంతేగా! అయినా అడగకుండా ఎవరైనా పెట్టె తీస్తే కొట్లాటకు పోతాం. లోపల ఉన్నది లక్ష రూపాయలని కాదు. పెట్టె నాది, ఎవరికి తీసి చూపాలో నేను చెప్పాలి. సొంత సంగతి కూడా అంతే.

ఇంకొక మాట. మన తెగలకు ఈ విషయం మిగతావాళ్లకంటే ఎక్కువ తెలియాలి. 1871లో ఇంగ్లీషువాళ్లు నేరస్త తెగల చట్టం చేసినారు. 1911లో కొత్త చట్టంతో దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చినారు. కడప జిల్లా అప్పుడు మద్రాసులోనే ఉండేది. ఎరుకలవాళ్లను, ఇంకా కొన్ని తెగలను పుట్టుకతోనే దొంగలని రాసినారు. పేరు రాసుకుని వేలిముద్రలు తీసుకునేవాళ్లు. ఊరు దాటాలంటే చెప్పి పోవాలి, రాత్రిపూట హాజరు పలకాలి. స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లు అట్ల పుట్టినవే. స్వాతంత్ర్యం వచ్చినాక, 1952 ఆగస్టు 31న గానీ దేశమంతటా ఆ చట్టం పోలేదు.

మన ముత్తాతలు ఎక్కడికి పోతున్నారో, ఎవరితో ఉన్నారో చెప్పమని పోలీసులు బలవంతం చేసినారు. వాళ్లు ఏడ్చుకుంటా చెప్పినారు. మనం ఎక్కడున్నామో, ఎవరితో ఉన్నామో, ఏం తిన్నామో అడక్కముందే నవ్వుకుంటా చెప్తాండాం. రెండూ ఒకటే అని నేను అనను. అది దౌర్జన్యం, ఇది ఇష్టం. కానీ మనుషుల వివరాలు ఒకచోట పోగైతే అవి ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే పైచేయి అని మన చరిత్రే చెప్తాంది.

మరి ఫోన్ కంపెనీవాళ్లకు మన వివరాలు ఎందుకు? మా ఎరుకల అవ్వలు సోది చెప్పేటప్పుడు చూడండి. చెయ్యి పట్టుకుని మెల్లగా ఒక మాట వదులుతారు. ఎదుటి మనిషి మొగం చూస్తారు. ఆమే "అవునవ్వా, మా పెద్దోడి గురించే" అని సగం సంగతి చెప్పేస్తుంది. ఫోన్ కూడా అట్లాంటి ఎరుకే చెప్తాంది. మనం ఏది లైక్ కొట్టినాం, ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగినాం, అన్నీ లెక్క పెట్టుకుని మనకు ఏది అమ్మొచ్చో తెలుసుకుంటుంది. అవ్వ మనం ఇచ్చే చాటెడు బియ్యం తీసుకుని మన గుట్టు మరిచిపోతుంది. ఫోన్ మరిచిపోదు. ఊరికే వస్తుంది అనుకుంటాం గానీ, కంపెనీ ప్రకటనలు ఇచ్చేవాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటుంది.

"నా సంగతి నేను చెప్పుకుంటే నీకేమి నష్టం?" అనేవాళ్లూ ఉన్నారు. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా అనే సంస్థ గొడవ బయటపడింది. ఫేస్‌బుక్‌లో "నీ స్వభావం ఎట్లాంటిది" అనే ప్రశ్నల ఆట ఒకటి పెట్టి జనం వివరాలు లాగినారు. మన దేశంలో ఆ ఆట ఆడింది 335 మందే. వాళ్ల స్నేహితులతో కలిపి 5,62,455 మంది వివరాలు పోయి ఉండొచ్చని ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. ఒక్కరు సరే అంటే వెనకాల సుమారు 1,700 మంది! వాళ్లను ఎవరూ అడగలేదు. కాబట్టి నా ఇష్టం అన్న మాట సగమే నిజం. గ్రూపు ఫోటోలో నేను ఒక్కణ్ణే ఉండను కదా.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా తీర్పు చెప్పినారు. వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం 21వ అధికరణ కింద ప్రాథమిక హక్కు అని. కేసు వేసింది పుట్టస్వామి అనే రిటైరైన జడ్జి, అప్పటికి ఆయనకు తొంభై ఏండ్లు దాటినాయి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అందులో 18 ఏండ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి. 2025 నవంబర్‌లో నియమాలు కూడా వచ్చినాయి. ముఖ్యమైనవాటి అమలుకు 18 నెలల గడువు ఇచ్చినారు. చట్టం మంచిదే. కానీ మా అమ్మకు చదువు రాదు. ఇంట్లో ఆ ఒప్పుదల బటన్ నొక్కేది ఎవరు? నేనే! అందుకే చట్టం ఒక్కటే చాలదు, మనకు ఎరుక ఉండాలి.

ఇప్పుడు పెద్దలకు ఒక మనవి. కోపగించుకోవద్దు. హాస్టళ్లకు దాతలు వస్తారు, దుప్పట్లు ఇస్తారు. మంచి మనుషులే. కానీ ఒక్కో దుప్పటికి ఒక్కో ఫోటో. చిన్న తరగతుల పిల్లలు చినిగిన చొక్కాతో నిలబడి ఉంటారు. ఆ ఫోటో ఏ గ్రూపులో తిరుగుతుందో, పదేండ్ల తర్వాత ఆ పిల్లోడు ఉద్యోగానికి పోయినప్పుడు ఎవరు చూపిస్తారో తెలీదు. అన్నం, దుప్పటి మన హక్కు. దానికి మొగం బాడుగ కట్టాల్నా?

నాకు తోచినవి రాస్తున్నాను. ఇంకొకరి ఫోటో పెట్టే ముందు వాళ్లను అడగాలి. వద్దంటే అలగకూడదు. హాల్‌టికెట్, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఇంటి అడ్రసు ఎప్పుడూ పెట్టకూడదు. ఊరికి పోయిన ఫోటోలు ఇంటికి వచ్చినాక పెట్టుకోవచ్చు. దాతలు వచ్చినప్పుడు దూరం నుంచి, మొగాలు కనపడకుండా ఒక్క ఫోటో చాలని సారువాళ్లు చెప్పాలి. ఎవరైనా ఫోటో చూపి బెదిరిస్తే లోలోపల కుమలవద్దు. సారుకు గానీ మేడంకు గానీ చెప్పండి. సైబర్ నేరాలకు 1930, పిల్లలకు 1098 నంబర్లు ఉన్నాయి.

ఫోన్ వద్దని నేను అనడం లేదు. కువైట్‌లో ఉన్న నాయన మొగం చూపించేది ఆ ఫోనే. ఫేస్‌బుక్‌లో మన పేజీని కూడా మొదట్లో గోడ అనే అన్నారంట. మన గోడపత్రికను చదివేది ఈ హాస్టల్‌వాళ్లే. వచ్చే నెల ఈ కాగితం చించి కొత్తది అంటిస్తాం. ఆ గోడమీద రాసింది ఎవరు చదువుతారో తెలీదు, చించేద్దామంటే మన చేతిలో ఉండదు. రాసే ముందు అంతమాత్రం ఆలోచిస్తే చాలు.

నా మాట తప్పనిపించినవాళ్లు కాగితం మీద రాసి పక్కనే అంటించండి. చర్చిద్దాం.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థి